"నాన్నా, ఎడారి ఎప్పుడొస్తుంది?": ఇద్దరు పిల్లలతో అయిదేళ్లు తిరిగిన అమెరికా ఎడారుల మీద నా సమీక్ష

2021 మార్చిలో మొదటిసారి కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి బయల్దేరినప్పుడు మా అమ్మాయికి అయిదేళ్లు, చిన్నోడికి రెండు. బార్‌స్టో ఊరు దాటి ఐ-15 హైవే మీద చాలాసేపటి నుంచి మొజావే ఎడారి మధ్యలోనే పోతున్నాం. ముందు సీట్లలో నేనూ మా ఆవిడా "అబ్బ, ఎంత విశాలంగా ఉందో!" అని మురిసిపోతున్నాం. వెనకనుంచి ప్రశ్న వచ్చింది.

"నాన్నా, ఎడారి ఎప్పుడొస్తుంది?"

"ఇదే కదమ్మా ఎడారి."

"మరి ఇసుకేదీ?"

బయట ఉన్నవి ముళ్లపొదలు, గులకరాళ్లు, దూరంగా బూడిదరంగు కొండలు. దాని బొమ్మల పుస్తకంలో ఎడారి అంటే పసుపుపచ్చ దిబ్బ, దాని మీద ఒక ఒంటె. తప్పు దానిది కాదు. ఈ ఎడారుల్లో ఎక్కువ భాగం రాయీ పొదే. డెత్ వ్యాలీలోనైనా ఇసుక దిబ్బలున్న నేల నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఇది ముందే తెలిసుంటే ఆ రోజు దారిపొడుగునా "ఇదిగో వచ్చేస్తోంది" అని అబద్ధాలాడే పని తప్పేది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా కాలిఫోర్నియా, ఆరిజోనా, న్యూమెక్సికో, కొలరాడో కలిపి ఆరు ట్రిప్పులు వేశాం. అన్నీ ఒకే పాత మినీవ్యాన్‌లో. మొదట్లో నేను ఫొటోలు చూసి చోట్లు ఎంచుకునేవాణ్ణి. ఇప్పుడు చూసేది ఒక్కటే: కారు దిగిన వంద అడుగుల్లో పిల్లల చెయ్యో కాలో పెట్టడానికి ఏమైనా ఉందా లేదా. ఉంటే ఆ చోటు పాసు. లేకపోతే ఎంత పేరున్న వ్యూ పాయింట్ అయినా నాలుగు నిమిషాలే.

నాలుగు నిమిషాలు అని ఊరికే అనలేదు, డెత్ వ్యాలీలోని జాబ్రిస్కీ పాయింట్ దగ్గర గడియారం చూసుకున్నాను. బంగారు రంగు మట్టికొండలు, మడతలు మడతలుగా, పొద్దున ఎండకి మెరుస్తూ. మా వాళ్లు ఒకసారి చూసి "అయిపోయిందా?" అన్నారు. డాంటేస్ వ్యూ కూడా అంతే. అయిదు వేల అడుగులకు పైనున్న ఆ కొండ అంచు నుంచి కింద ఉప్పు మైదానం తెల్లగా కనిపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. చిన్నోడు మాత్రం చలికి ఏడుపు లంకించుకున్నాడు. కింద టీషర్టు సరిపోతే పైన స్వెట్టర్ కావాలి. స్వెట్టర్లు డిక్కీలో అన్నిటికంటే అడుగున ఉన్నాయి.

అదే బ్యాడ్‌వాటర్ బేసిన్‌లోకి దిగాక కథ మారింది. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన, ఉత్తర అమెరికాలోకెల్లా పల్లం అది. పార్కింగ్ వెనక కొండమీద, తల బాగా వెనక్కి వంచితే తప్ప కనిపించనంత ఎత్తులో, సముద్రమట్టం ఇక్కడిదాకా అని ఒక బోర్డు ఉంటుంది. "ఇక్కడ సముద్రమే ఉంటే నీళ్లు అక్కడిదాకా ఉండేవి" అన్నాను. అమ్మాయి ఆ బోర్డు చూసి ముక్కు మూసుకుని బుగ్గలు పూరించింది. అలా ఊపిరి బిగబట్టి పది అడుగులు నడిచింది కూడా. ఈలోగా వాళ్ల తమ్ముడు ఉప్పు మీద బోర్లా పడుకుని నాలుక ఆనించేశాడు. మా ఆవిడ కేక పెట్టేసరికే వాడు తీర్పు చెప్పేశాడు: "ఉప్పే!" (వేలమంది తొక్కిన ఉప్పు అది. మీ పిల్లల మీద కాస్త కన్నేసి ఉంచండి.)

మెస్కీట్ ఫ్లాట్ దిబ్బలకు మధ్యాహ్నం వెళ్తే వెళ్లనట్టే. ఎండ నెత్తిమీద ఉంటే నీడలుండవు, ఇసుక అంతా చదునుగా పాలిపోయి కనిపిస్తుంది. మర్నాడు తెల్లారకముందే పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకొచ్చాం. రాత్రి గాలికి మనుషుల అడుగులన్నీ చెరిగిపోయాయి. దిబ్బ మీద కొత్త జాడలు రెండు మూడు రకాలు కనిపించాయి. ఒకటి సన్నగా, కుట్టుమిషన్ కుట్టినట్టు వరసగా చుక్కలు. ఆ చుక్కల వెంట అమ్మాయి మోకాళ్ల మీద పాకుతూ పోయింది. పది గజాల అవతల గోరంత నల్లపురుగు దిబ్బ ఎక్కుతోంది. ఎక్కడం, ఇసుక జారడం, మళ్లీ ఎక్కడం. దాదాపు అరగంట ఇద్దరూ కదల్లేదు. పక్కన సూర్యోదయం జరుగుతోంది, అటు చూసినవాడు లేడు.

ఇదే డెత్ వ్యాలీ మమ్మల్ని ఒకసారి నిలువునా ఆశ్చర్యపరిచింది కూడా. 2023 ఆగస్టులో హిలరీ తుపాను తెచ్చిన వానకి బ్యాడ్‌వాటర్‌లో సరస్సు నిలిచింది. ఏడాదికి సగటున రెండు అంగుళాలు పడే చోట! 2024 ఫిబ్రవరి మొదట్లో మళ్లీ పెద్ద వాన పడింది. ఆ నెల మధ్యలో మేం వెళ్లేసరికి అడుగు లోతున నీళ్లు, మైళ్ల మేర. జనం పడవలు వేసుకుని తిరుగుతున్నారు. పిల్లలు ప్యాంట్లు మడిచి దిగారు. బయటికొచ్చాక కాళ్లకి ఉప్పు తెల్లగా పేరుకుని, ఆరాక చర్మం లాగుతోందని ఒకటే గోల. కడుక్కోవడానికి తాగే నీళ్లే వాడాల్సొచ్చింది. ఎడారి చూపిస్తానని తీసుకెళ్లి సరస్సు చూపించానని అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది.

ఎక్కువసేపు ఆడుకునే చోటు కావాలంటే కాలిఫోర్నియాలోనే ఉన్న జాషువా ట్రీ పార్కు. మొజావే ఎడారీ, కొలరాడో ఎడారీ (కొలరాడో రాష్ట్రానిది కాదు) రెండూ కలిసేది ఈ పార్కులోనే. ఆ చెట్లు నిజానికి యుక్కా అనే మొక్కల జాతివని చెప్తే మా వాళ్లకి పట్టలేదు, వాళ్లకి కావలసింది బండలు. గుండ్రటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, అరికాలు జారనంత గరుగ్గా. హిడెన్ వ్యాలీలో ఒక మైలు చుట్టుదారి పూర్తిచేయడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. అయిదేళ్ల పిల్ల దూరే సందులో నలభై ఏళ్ల తండ్రి దూరలేడు, అక్కడే టెన్షన్. "నువ్వు అటు వెళ్లు, నేను ఇటు ఉంటాను" అని మేమిద్దరం బండలకి చెరోవైపు కాపలా కాశాం.

ఆ పార్కులోనే చోల్లా కాక్టస్ తోట ఉంది. పావు మైలు దారి, సాయంత్రం ఎండలో ముళ్లన్నీ లేత బంగారంలా వెలుగుతాయి. బొచ్చుబొమ్మల్లా ముద్దొస్తాయి, అదే చిక్కు. చిన్నోడి బూటు పక్కన నిమ్మకాయంత ముళ్లముద్ద ఒకటి అతుక్కుంది. నేను వేళ్లతో లాగబోయాను, అది బూటు వదిలి నా బొటనవేలు పట్టుకుంది. అదృష్టం కొద్దీ మా ఆవిడ ముందే చదువుకుని వచ్చింది. బ్యాగులోంచి దువ్వెన తీసి, ముద్దకీ చర్మానికీ మధ్య పళ్లు దూర్చి ఒక్క విసురు విసిరింది. ఊడింది. పిల్లలు చప్పట్లు. అప్పటి నుంచి మా కారు గ్లవ్ బాక్సులో దువ్వెన ఒకటి, పట్టకారు ఒకటి శాశ్వతంగా ఉంటాయి.

ఇసుకేదీ అన్న ప్రశ్నకి అసలు జవాబు న్యూమెక్సికోలో దొరికింది. వైట్ శాండ్స్. 275 చదరపు మైళ్ల తెల్లటి దిబ్బలు, 2019 డిసెంబరులో నేషనల్ పార్క్ అయింది. చూడ్డానికి మంచు, ముట్టుకుంటే పిండి. ఇది మామూలు ఇసుక కాదు, జిప్సం. ఎండని పీల్చుకుని వేడెక్కే గుణం దీనికి తక్కువ, అందుకే బూట్లు విప్పేసి తిరగొచ్చు. పిల్లలున్నవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు. విజిటర్ సెంటర్ పక్క షాపులో దిబ్బల మీంచి కూర్చుని జారే ప్లాస్టిక్ సాసర్లు, వాటి అడుగున రుద్దే మైనం అమ్ముతారు. మైనం రుద్దకపోతే సాసర్ సగంలోనే ఆగిపోతుంది. ఎనిమిది మైళ్ల రోడ్డు చివర్లో దిబ్బలు ఎత్తుగా ఉంటాయి. మొదటి రోజు పిల్లలు ఎన్నిసార్లు జారారో లెక్కపెట్టడం నలభై దగ్గర మానేశాను. ప్రతిసారీ ఆ సాసర్ పట్టుకుని మళ్లీ పైకి ఎక్కాలి. ఆ రాత్రి ఎనిమిదికే నిద్రపోయారు. దీని విలువ తల్లిదండ్రులకే తెలుస్తుంది.

అయితే మూడు సంగతులు. చుట్టూ క్షిపణి పరీక్షల రేంజ్ ఉంది. పరీక్ష ఉన్న రోజు పార్కు రోడ్డు, ఒక్కోసారి యూఎస్-70 హైవే కూడా కొన్ని గంటలు మూసేస్తారు. ముందురోజు పార్కు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోకపోవడం మా పొరపాటు, గంటన్నర కారులోనే అంత్యాక్షరి. రెండోది, తెల్లటి నేల ఎండని కిందనుంచి కొడుతుంది. నుదుటికీ బుగ్గలకీ సన్‌స్క్రీన్ రాసి గడ్డం కింద వదిలేశాం, సరిగ్గా అక్కడే ఇద్దరికీ కమిలిపోయింది. మూడోది సరదా విషయం కాదు. దిబ్బలన్నీ ఒక్కలాగే ఉంటాయి, విజిటర్ సెంటర్ దాటితే తాగే నీళ్లు దొరకవు. 2015 ఆగస్టులో ఒక జంట చిన్న కొడుకుతో ఇక్కడి ఆల్కలీ ఫ్లాట్ దారిలో నడుస్తూ ఎండదెబ్బకి చనిపోయారు, బాబు బతికాడు. మేం ఆ దారి జోలికి పోలేదు. మా నియమం ఒకటే: కారు కనిపించినంత మేరే ఆట, ఒంటి మీద ఎర్ర టీషర్టు.

పిల్లల్ని ఓటు అడిగితే మాత్రం కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్‌కి వేస్తారు. మే చివర్లో, జూన్ మొదట్లో దిబ్బల కాళ్ల దగ్గర మెడానో క్రీక్ అనే వాగు పారుతుంది. నీటి అడుగున ఇసుక గట్లు కట్టి విరిగిపోతుంటాయి, అందుకని ఉన్నట్టుండి చిన్న చిన్న అలలు వస్తాయి. పిల్లలు ఉదయం నుంచి సాయంత్రం దాకా అందులోనే. నా ఫిర్యాదు ఏంటంటే అది ఎడారిలా అనిపించదు, బీచ్‌లా ఉంటుంది. లాంగ్ వీకెండ్‌లో జనం కూడా బీచ్‌కి వచ్చినంతే. వైట్ శాండ్స్ సాసర్లు అక్కడికి తీసుకెళ్తే పొడి ఇసుక మీద ఒక్క అడుగు కదల్లేదు. అక్కడ ప్రత్యేకమైన ఇసుక స్లెడ్లు కావాలి, పార్కు బయట అద్దెకిస్తారు. వేసవి మధ్యాహ్నం ఇసుక 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది, కాబట్టి చెప్పులు కాదు, బూట్లే.

ఆరిజోనాలోని పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ వైపు మాకు అంత కలిసిరాలేదు. తప్పు గడియారానిది. ఆరిజోనా వేసవికి గంట ముందుకు జరపదు, ఆ రాష్ట్రంలో చాలా భాగమున్న నవాహో ఆదివాసీల ప్రాంతం (నవాహో నేషన్) జరుపుతుంది. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. పేజ్ దగ్గరి ఇరుకు రాతిలోయ యాంటెలోప్ కాన్యన్ టూర్‌కి పరుగులు పెట్టి వెళ్తే గంట ముందే చేరామని తేలింది. నీడలేని పార్కింగ్‌లో ఆ గంటకి తల ప్రాణం తోకకొచ్చింది. లోపల వెలుగు అద్భుతమే, కానీ గైడ్ వెంట వరసలో నడవాలి, పిల్లలకి ఆగి గోడ తడిమే తీరిక ఉండదు. ఆ లోయలో లోయర్, అప్పర్ అని రెండు భాగాలు; లోయర్‌లో నిటారు ఇనుప మెట్లుంటాయి, బుజ్జి పిల్లలుంటే అప్పర్‌కే వెళ్లండి. మేం కొన్నప్పుడల్లా 80 డాలర్లున్న నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఈ రెండు చోట్లా పనిచేయదు, అవి నవాహో వాళ్లవి. మిగతా అన్నిచోట్లా ఆ పాస్‌ని పదే పదే దబాయించి వాడేశాం అనుకోండి. ఈ ఏడాది అమ్మాయి నాలుగో తరగతి, ఆ తరగతి పిల్లలకిచ్చే ఉచిత పాస్ మీదే తిరుగుతున్నాం.

కాలం విషయంలో నాది మొండిపట్టు: అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకానే, మెడానో క్రీక్ ఒక్కటే మినహాయింపు. డెత్ వ్యాలీ ఘాట్ రోడ్డు మీద ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డులుంటాయి. వెనక ఇద్దరు పిల్లలుంటే ఆ బోర్డు చదివే ధైర్యం జూలైలో ఉండదు. నీళ్లు మనిషికి రోజుకి ఒక గాలన్ (దాదాపు నాలుగు లీటర్లు) అని పార్కుల వాళ్లే చెప్తారు, చేతులు కడగడానికి వేరే క్యాన్ పెట్టుకోండి, ఎందుకంటే దారుల దగ్గరి గుంట టాయిలెట్లలో నీళ్లుండవు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, సిగ్నల్ మీద ఆశ వద్దు. బస పార్కుకి దగ్గర్లో చూసుకోండి. ఒకసారి సగం ధరకి దొరికిందని గంటన్నర దూరంలో ఒక మోటెల్ తీసుకున్నాం. రాత్రంతా ఏసీ ట్రాక్టర్‌లా మోగింది, తెల్లవారుజాము దిబ్బలు మా చేతికి రాలేదు.

జూనియర్ రేంజర్ పుస్తకాల గురించి చెప్పకపోతే అన్యాయం. విజిటర్ సెంటర్‌లో అడిగితే ఇస్తారు, అందులో పనులు పూర్తిచేస్తే రేంజర్ చెయ్యెత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు. మా వాళ్లు రాయిని రాయిగా చూడ్డం మొదలుపెట్టింది ఆ పుస్తకాల వల్లే.

2024 డిసెంబరులో టూసాన్ దగ్గర సగ్వారో పార్కుకి వెళ్లాం. అక్కడ ఇసుక దిబ్బ ఒక్కటీ లేదు, అమ్మాయి అడగనూ లేదు. నలభై అడుగుల సగ్వారో కాక్టస్‌లు చేతులెత్తి నిలబడి ఉంటే, పుస్తకం చదివి అమ్మాయి చెప్పిన మాట ఇంకోటి: ఎనిమిదేళ్ల సగ్వారో అంగుళం, అంగుళంన్నరే ఉంటుందట. అప్పుడు దానికి సరిగ్గా ఎనిమిదేళ్లు. బొటనవేలు పక్కన పెట్టుకుని చూసుకుంది. అంతే, చిన్నోడు తన వయసు మొక్క కావాలన్నాడు. బుజ్జి సగ్వారోలు పెద్ద చెట్ల నీడలో దాక్కుని పెరుగుతాయని రేంజర్ చెప్పింది. దారి దిగకుండానే ప్రతి చెట్టు మొదట్లోకీ వంగి వంగి అరగంటకు పైగా వెతికాం. దొరకలేదు. ఈసారి భూతద్దం తెమ్మన్నాడు.