జీతమా, కూలీయా? కరెంటు గ్రిడ్‌ను నిలబెట్టే రెండు పద్ధతుల్లో ఏది మేలు?

2021 ఫిబ్రవరి 15, గడ్డకట్టించే చలి, రాత్రి రెండు గంటలు కావస్తోంది. టెక్సాస్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కంట్రోల్ రూములో, సరఫరా వాడకానికి సరితూగుతోందా అని చెప్పే ఫ్రీక్వెన్సీ 59.4 హెర్ట్జ్ కిందికి జారింది. ఉండవలసింది 60. ఈ కాస్త తేడాకే ఏమవుతుందని అనిపిస్తుంది. కానీ 59.4 కింద 9 నిమిషాలు గడిస్తే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వరసగా ట్రిప్ అవుతాయి. ఆపైన దాదాపు రాష్ట్రమంతా చీకటి, దాన్ని తిరిగి వెలిగించడానికి వారాలు పట్టవచ్చు. ఆపరేటర్లు ఊళ్లకు ఊళ్ల సరఫరా ఆపించి, 4 నిమిషాల 23 సెకన్ల తర్వాత ఫ్రీక్వెన్సీని ఆ గీత దాటించారు. అంటే గడువులో దాదాపు సగం అప్పటికే ఖర్చయిపోయింది.

ఆ సాయంత్రానికి టోకు మార్కెట్లో యూనిట్ ధరను నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి దగ్గర నిలబెట్టింది. అప్పట్లో ఆ పరిమితి 9 డాలర్లు. మామూలు రోజున అదే యూనిట్ మూడు సెంట్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. నాలుగు రోజుల పాటు ధర అక్కడే ఉంది. అంత ధర పలుకుతున్నా అమ్మడానికి కరెంటు లేదు, ఎందుకంటే ప్లాంట్లు గడ్డకట్టి ఉన్నాయి.

ఇది టెక్సాస్ పద్ధతి ఓటమా, లేక ఆ చలి ఏ పద్ధతినైనా ఓడించేదా? ఈ వాదన అమెరికా విద్యుత్ రంగంలో ఇప్పటికీ తెగలేదు. తూర్పున 13 రాష్ట్రాల్లో, రాజధాని వాషింగ్టన్‌లో గ్రిడ్ నడిపే పీజేఎం సంస్థతో పోల్చి చూస్తే సంగతి కొంత తేటపడుతుంది.

పొలానికి మనిషిని పెట్టుకోవడం రెండు రకాలు. ఏడాది జీతానికి కుదుర్చుకుంటే పని ఉన్నా లేకున్నా మనిషి అందుబాటులో ఉంటాడు. లేదా కోతల నాడు కూలీకి పిలుచుకోవచ్చు, ఆ రోజు కూలీ ఎంత పెరిగినా ఇచ్చుకోవాలి. టెక్సాస్‌ది ప్రధానంగా కూలీ పద్ధతి. విద్యుత్ కేంద్రం కరెంటు అమ్మితేనే, లేదా అత్యవసరానికి రిజర్వుగా నిలబడితేనే డబ్బు. పీజేఎం కరెంటు ధర చెల్లించడంతో పాటు, 'పిలిస్తే వస్తాను' అని మాట ఇచ్చినందుకు జీతం కూడా ఇస్తుంది. 2007 నుంచి దీనికి వేలం నడుస్తోంది. మూడేళ్లు ముందుగా జరపాలన్నది నియమం, ఈ మధ్య ఆ గడువు కుదించుకుపోయింది.

ఈ జీతం ఎందుకో తెలియాలంటే ఏడాదిలో 50 గంటలు మాత్రమే తిరిగే 100 మెగావాట్ల గ్యాస్ ప్లాంటును ఊహించుకోండి. అలాంటివి గ్రిడ్‌కు తప్పనిసరి, మండు వేసవి సాయంత్రాల్లో లోటు పూడ్చేది అవే. 50 గంటల్లో అది ఇచ్చేది 50 లక్షల యూనిట్లు. మూడు సెంట్ల చొప్పున వచ్చేది లక్షన్నర డాలర్లు. దానితో సిబ్బంది జీతాలు కూడా గడవవు. అదే 50 గంటలూ ధర అప్పటి పరిమితి 9 డాలర్లు పలికితే నాలుగున్నర కోట్ల డాలర్లు. టెక్సాస్ ప్లాంటు యజమాని అలాంటి గంటల కోసమే కాచుకుని ఉంటాడు. వరసగా రెండేళ్లు ఎండా చలీ ముదరకుండా గడిచిపోతే, కరెంటుకు కరువొచ్చినా బాగుండునని కోరుకునే వ్యాపారం అది!

పీజేఎంలో అంత ఉత్కంఠ ఉండదని అనుకుంటాం. అక్కడా ఉంది, కాకపోతే వేలంలో ఉంది. 2024-25 సంవత్సరానికి మెగావాట్‌కు రోజుకు పలికిన జీతం, ఎక్కువ ప్రాంతాల్లో, 28.92 డాలర్లు. తర్వాతి ఏడాదికి 269.92. లెక్కకు వచ్చే 100 మెగావాట్లున్న యజమానికి మొదటి ఏడాది సుమారు పదిన్నర లక్షల డాలర్లు, రెండో ఏడాది 98 లక్షలు. ప్లాంటులో ఒక్క బోల్టు కూడా మారలేదు. మొత్తం బిల్లు 220 కోట్ల డాలర్ల నుంచి 1,470 కోట్లకు చేరింది, అది చివరికి వినియోగదారుల బిల్లుల మీదే పడింది. డేటా సెంటర్ల వల్ల పెరిగిన లోడ్, అంటే కరెంటు వాడకం, దీనికి ముఖ్య కారణమని మార్కెట్ పర్యవేక్షకులు తేల్చారు.

మరి జీతం ఇస్తూ వచ్చినవాళ్లకు పిలిచిన రోజున పని జరిగిందా? 2022 క్రిస్మస్ ముందు వచ్చిన ఎలియట్ తుపాను చలిలో పీజేఎం ప్లాంట్లలో దాదాపు పావు వంతు, 46 వేల మెగావాట్ల పైచిలుకు, మొరాయించాయి. ఎక్కువ భాగం గ్యాస్ ప్లాంట్లే. జీతం పుచ్చుకుని రానివాళ్ల మీద సుమారు 180 కోట్ల డాలర్ల జరిమానా పడింది, తర్వాత రాజీలో దాదాపు మూడో వంతు తగ్గించారు. తగ్గించి ఉండకూడదని నా అభిప్రాయం. జరిమానా తర్వాత బేరమాడుకోవచ్చని తెలిసినవాడు ముందుగా పైపులకు కంబళి చుట్టడు.

అయినా పీజేఎంలో ఆ రోజు జనానికి కరెంటు కోత పెట్టవలసిన అవసరం రాలేదు. టెక్సాస్‌లో 20 వేల మెగావాట్ల లోడ్ తీసేయవలసి వచ్చింది, రాష్ట్రం అధికారికంగా లెక్కించిన మరణాలు 246. తేడా అంతా జీతానిదే అంటే అది తొందరపాటు. పీజేఎం తూర్పు అమెరికా మహా గ్రిడ్‌లో భాగం, అవసరమైతే పొరుగు నుంచి అరువు దొరుకుతుంది. టెక్సాస్ కేంద్ర ప్రభుత్వ నియంత్రణ వద్దనుకుని విడిగా ఉంటుంది, దాని బయటి లంకెలు వెయ్యి మెగావాట్ల పైచిలుకు మాత్రమే. పైగా 2011లోనే ఇలాంటి చలి వచ్చి హెచ్చరించి పోయింది. పరికరాలను చలికి సిద్ధం చేసుకోవాలన్న సిఫారసు సిఫారసుగానే మిగిలింది, 2021 చలి తర్వాతే చట్టమైంది. ఇంకొక చిత్రం: లోడ్ తీసేసినప్పుడు కొన్ని గ్యాస్ క్షేత్రాలకూ, గ్యాస్‌ను పైపుల్లో నెట్టే కంప్రెసర్లకూ కరెంటు పోయింది. వాటిని అత్యవసర వినియోగదారులుగా ఎవరూ నమోదు చేయలేదు. కరెంటు లేక గ్యాస్ రాలేదు, గ్యాస్ లేక కరెంటు రాలేదు. దీనికి కూలీని తప్పు పట్టలేం, జీతమూ దీన్ని సరిదిద్దేది కాదు.

కూలీ పద్ధతికి ఒక గొప్ప సుగుణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కొత్తవాళ్లు త్వరగా వస్తారు. 2021 ఆరంభంలో టెక్సాస్ గ్రిడ్‌లో బ్యాటరీలు కొన్ని వందల మెగావాట్లు, 2025 నాటికి 10 వేలు దాటాయి. సూర్యాస్తమయం వేళ ధర ఎగబాకుతుందని చూసిన ప్రతివాడూ పెట్టెలు తెచ్చి దించాడు. గ్రిడ్‌కు కలపడం కూడా అక్కడ సులువు. పీజేఎంలో కొత్త ప్లాంట్ల దరఖాస్తుల వరస ఎంత పెరిగిందంటే, 2022లో కొత్తవాటి పరిశీలనే నిలిపివేసి పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. తలుపు మూసి ఉంచి జీతం పెంచితే కొత్త మనిషి లోపలికి రాడు, ఉన్నవాడి జేబు నిండుతుంది.

అందుకే వేసవి కోసమే అయితే నేను కూలీనే ఎంచుకుంటాను. ఎండ ముందుగా చెప్పి వస్తుంది, గంటల్లో దిగిపోతుంది, బ్యాటరీ దాన్ని దాటించగలదు. 2023 సెప్టెంబరు 6న ఎర్కాట్ అత్యవసర స్థితి ప్రకటించిన సాయంత్రం బ్యాటరీలు రెండు వేల మెగావాట్లకు పైగా అందించి చేయి కాచాయి. నాలుగు రోజులు కదలని చలికి మాత్రం ఆ లెక్క సరిపోదు. అక్కడ కావలసింది ఇంధనం నిల్వ ఉన్న ప్లాంటు. పదేళ్లకోసారి వచ్చే ధర కోసం ట్యాంకు కట్టే యజమాని అరుదు.

టెక్సాస్ కూడా ఈ సంగతి గ్రహించినట్టే ఉంది. 2022 శీతకాలం నుంచి, గ్యాస్ ఆగిపోయినా నడిచేలా ఇంధనం దగ్గర ఉంచుకునే ప్లాంట్లకు విడిగా డబ్బు చెల్లిస్తోంది. దాన్ని జీతం అని మాత్రం అనరు, 'సేవ' అంటారు. పీజేఎం అటువైపు నుంచి అక్కడికే వచ్చింది. 2025-26 వేలం నుంచి అది ప్లాంటు బోర్డు మీద రాసిన మెగావాట్లలో గడ్డు రోజున నమ్మగలిగినవాటినే లెక్కిస్తోంది. ఆ వేలం లెక్కలో అణు కేంద్రానికి 95 శాతం, మామూలు గ్యాస్ టర్బైన్‌కు 62. అదే టర్బైన్ చమురుతో కూడా నడిస్తే 79. జీతం ఇవ్వవలసిందే అయితే ఆ 17 శాతం తేడాకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.