ఎనిమిదేళ్లుగా వాడుతున్న టేప్ లైబ్రరీ, నాకు నచ్చింది దాని బార్‌కోడ్

పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు కాలేజీ సర్వర్ గది నాది. టేప్ లైబ్రరీ అంటే బ్యాకప్ టేపులను అరల్లో పెట్టుకుని, రోబోతో తీసి డ్రైవులో ఎక్కించే యంత్రం. మాది 24 స్లాట్లది (అరలది), ఎల్‌టీఓ-6 డ్రైవు (ఎల్‌టీఓ అనేది టేపుల రకం, అంకె దాని తరం), 2016 నుంచి నేనే చూసుకుంటున్నాను. స్పీడు, కెపాసిటీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. టేపు అంచున అంటించే చిన్న బార్‌కోడ్ కాగితం గురించే చెప్తాను.

మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. నాకు ముందు పనిచేసినాయన పాత ఎల్‌టీఓ-5 టేపుల మీద పెన్నుతో రాసేవారు, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్నిటి మీద తేదీ కూడా లేదు. నేను కొత్తగా తెప్పించిన వాటికి మాత్రం బార్‌కోడ్ అంటించి, ఆ నంబరు, తేదీ, అందులో ఏముందో ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, జనరేటర్ మీద సర్వర్ లేపేసరికి బ్యాకప్ క్యాటలాగ్ ఉన్న డిస్కు చచ్చిపోయి ఉంది, అంటే ఏ టేపులో ఏముందో చెప్పే జాబితా లేదు, పరీక్షల విభాగం వాళ్లేమో మార్కుల ఫైళ్లు కావాలని తలుపు దగ్గరే నిలబడ్డారు. లైబ్రరీ ఆన్ చేయగానే రోబో స్లాట్ల ముందు నుంచి వెళ్తూ బార్‌కోడ్ ఉన్న 11 టేపుల నంబర్లు కొద్ది నిమిషాల్లో తెర మీద పెట్టేసింది. నోటుబుక్కు తీసి చూశాను, మార్కుల టేపు అందులోనే ఉంది. ఆ రాత్రే ఫైళ్లు ఇచ్చేశాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా.

మిగతా 13 టేపులకు మాత్రం రెండు రోజులు పట్టింది. ఒక్కోదాన్నీ డ్రైవులోకి ఎక్కించాలి, మొదట్లో ఉన్న హెడర్ (టేపు వివరాలుండే భాగం) చదివించాలి, వెనక్కి చుట్టించి దింపాలి. మధ్యలో డీజిల్ అయిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

ఆ తర్వాత కనిపించిన వాళ్లందరికీ లేబుళ్లు బయట ప్రింట్ చేయించుకోండి, చవక అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. జిరాక్స్ షాపులో చేయించిన స్టిక్కర్ల జిగురు మా ఉక్కపోతకు వదిలింది, ఒకదాని మూల లేచి టేపు డ్రైవులోనే ఇరుక్కుపోయింది, విశాఖ నుంచి ఇంజినీరు వచ్చేదాకా నాలుగు రోజులు బ్యాకప్ లేదు. ఇంకోసారి మా కుర్రాడు ఎల్‌టీఓ-5 టేపుకి ఎల్6 లేబుల్ అంటించాడు. ఎల్‌టీఓ-6 అనుకుని 2.5 టీబీ పడుతుందని లెక్కేసిన ఫుల్ బ్యాకప్ 1.5 దగ్గర ఆగి ఇంకో టేపు అడిగింది, ఆ రాత్రి అక్కడ ఎవరూ లేరు. బార్‌కోడ్ నంబరులో చివరి రెండు అక్షరాలు (ఎల్5, ఎల్6 లాంటివి) టేపు ఏ తరానిదో చెప్తాయి, అవి చూసి అంటించండి. స్టిక్కర్లు టేపుల కోసం చేసినవే కొనండి.

కొనమంటావా అని అడిగితే, రెండు మూడు టీబీల డేటా ఉన్న చిన్న ఆఫీసుకి నేను చెప్పను, డిస్కులు చాలు. మాది తుపాన్ల దారి, ఒక సెట్టు ఎప్పుడూ బరంపురం బ్రాంచి బీరువాలో ఉండాలి, అందుకే నాకిది సరిపోయింది. డ్రైవు ముసలిదైంది కాబట్టి మార్చాలి, కానీ ఎల్‌టీఓ-8 డ్రైవు నా ఎల్‌టీఓ-6 టేపులు చదవదు. ఎల్‌టీఓ-7 అయితే 5, 6 రెండూ చదువుతుంది, అదే ఎక్కడైనా మంచి కండిషన్‌లో దొరుకుతుందేమో చూస్తున్నాను.