హోరు తక్కువ హెల్మెట్ ఏది: ఫుల్‌ఫేసా, మాడ్యులరా?

బైక్ మీద దూరాలు తిరిగేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఈసారి హెల్మెట్ మారుస్తున్నా. లోపల గాలి హోరు తక్కువగా ఉండాలి. ఫుల్‌ఫేస్ తీసుకోమంటారా, మాడ్యులర్ తీసుకోమంటారా?" ఫుల్‌ఫేస్ అంటే గడ్డం దాకా ఒకే ముక్కగా మూసి ఉండేది, మాడ్యులర్ అంటే గడ్డం భాగం పైకి లేచేది. ఒక్క ముక్కలో చెప్పమంటే ఫుల్‌ఫేస్. అయితే ఆ ఒక్క ముక్క పట్టుకుని షాపుకెళ్లి తలకి నప్పని ఫుల్‌ఫేస్ తెచ్చుకుంటే, నప్పిన మాడ్యులర్ పెట్టుకున్న పక్కవాడి కంటే ఎక్కువ రొద భరించాల్సి వస్తుంది. అందుకే రకం సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు తల గురించి మాట్లాడదాం.

అసలు ఆ హోరు ఎటు నుంచి వస్తోందో చూడండి. వేగం గంటకి 60, 70 కిలోమీటర్లు దాటాక చాలా బైక్‌ల మీద ఇంజిన్ చప్పుడు వెనకబడి గాలిదే పైచేయి అవుతుంది. వంద దాటి పోతుంటే చాలా హెల్మెట్లలో చెవి దగ్గర శబ్దం వంద డెసిబెల్స్ చుట్టుపక్కలే ఉంటుంది. పనిచేసే చోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు వినొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అలా లెక్కేసుకుంటూ పోతే వంద దగ్గర మిగిలేది 15 నిమిషాలు. దూరప్రయాణం చేసి దిగాక రాత్రి దాకా చెవుల్లో గుయ్‌మంటోందంటే అది అలసట వల్ల వచ్చింది కాదు, చెవి దెబ్బతింటోంది.

ఈ హోరులో ఎక్కువ భాగం లో-ఫ్రీక్వెన్సీ రొద, అంటే బొంగురు శబ్దం. కీచుమనే శబ్దాల్ని హెల్మెట్ షెల్లు (బయటి గట్టి పెంకు), లోపలి థర్మోకోల్, స్పాంజి బాగానే ఆపుతాయి. గుమ్మని మోగే ఈ లావు శబ్దాన్ని మాత్రం పెద్దగా ఆపలేవు. పైగా అది లోపలికి రావడానికి పెద్ద దారి ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది: మెడ చుట్టూ, గడ్డం కింద ఉండే ఖాళీ. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఎలా మోగుతుందో, ఆ ఖాళీ మీదుగా గాలి కొడుతుంటే హెల్మెట్ లోపల అలా మోగుతుంది. నమ్మకం కలగకపోతే ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద ఒక్క క్షణం ఎడమ చెయ్యి తీసుకెళ్లి గడ్డం కింద అడ్డం పెట్టి చూడండి. రొద చప్పున తగ్గితే మీ సమస్య వైజర్‌లోనూ (మొహం ముందుండే అద్దం) లేదు, వెంట్లలోనూ (గాలి రంధ్రాలు) లేదు. హెల్మెట్ అడుగున ఉంది.

ఆ అడుగు ఖాళీ ఎంత ఉంటుందో నిర్ణయించేది హెల్మెట్ మీ తలకి ఎలా కూర్చుంది అన్నదే. బ్రాండు, మోడలు, రివ్యూల్లో వచ్చిన మార్కులు అన్నీ దాని తర్వాతే. ఒకే హెల్మెట్‌ని ఒకరు "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు, ఇంకొకరు "రేకుల డబ్బాలో తల పెట్టినట్టుంది" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, తలలు వేరు అంతే.

సైజు అనగానే అందరూ టేపు తీసి కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలుస్తారు. 58 సెంటీమీటర్లు వస్తే చార్టులో మీడియం అని ఉంటుంది, మీడియం కొనేస్తారు. ఆ కొలత చుట్టుకొలతే గానీ ఆకారం చెప్పదు. పైనుంచి చూస్తే కొందరి తల ముందు నుంచి వెనక్కి కోలగా ఉంటుంది, కొందరిది దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఎక్కువమందిది ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. మూడు తలలకీ టేపు 58 అనే చూపించొచ్చు. కోల తల మీద గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి మీద ఒకే చోట నొక్కుతుంది, కణతల దగ్గర వదులుగా ఉంటుంది. గుండ్రటి తలకి కోల హెల్మెట్ పెడితే కణతలు పట్టేస్తాయి, నుదురు దగ్గర వేలు దూరేంత సందు మిగులుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ చాలామంది చేసే పని ఒకటే: నొప్పి భరించలేక ఒక సైజు పెద్దది తీసుకుంటారు. నొప్పి పోతుంది. దాని బదులు మెడ చుట్టూ ఖాళీ పెరుగుతుంది, హోరు పెరుగుతుంది, వేగంలో హెల్మెట్ ఊగడం మొదలవుతుంది. పడ్డప్పుడు తల మీద నిలవాల్సిన వస్తువు అది, వదులైతే నిలవదు. అప్పుడు మారాల్సింది సైజు కాదు, మోడల్.

షాపులో చూసుకునే పద్ధతి ఇది. పట్టీలు రెండూ పక్కలకి లాగి పట్టుకుని తల దూర్చండి. దూరేటప్పుడు చెవుల దగ్గర కాస్త ఇబ్బంది పెట్టాలి. సాఫీగా జారి కూర్చుందంటే అప్పుడే అనుమానించాలి. కూర్చున్నాక బుగ్గలు ముందుకు ఉబ్బి, మాట్లాడుతుంటే లోపలి బుగ్గ పళ్ల మధ్య పడేట్టుంటే కంగారు పడకండి, కొత్త హెల్మెట్ అలాగే ఉండాలి. పట్టీ బిగించి రెండు చేతులతో హెల్మెట్‌ని పక్కలకి తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు హెల్మెట్‌తో పాటు కదలాలి. హెల్మెట్ తిరిగి మొహం అక్కడే ఉంటే అది వదులే. వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి దొర్లించి చూడండి, తల మీంచి ఊడి రాకూడదు. ఇదంతా అయ్యాక తీసేయకుండా 20, 30 నిమిషాలు అలాగే ఉంచుకోండి. షాపువాడి మొహం వైపు చూడొద్దు, ఫోన్ చూసుకోండి. తీశాక అద్దంలో నుదురు చూసుకోండి. ఎరుపు పట్టీలా వెడల్పుగా ఉంటే పర్లేదు. రూపాయి బిళ్లంత మచ్చ ఒకే చోట ఎర్రగా తేలి, అక్కడే సలుపుతుంటే ఆ షెల్లు మీ తలకి పుట్టలేదు. వాడగా వాడగా సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినకండి. వాడకంతో అణిగేది బుగ్గల దగ్గరి స్పాంజే. నుదుటి ఎదురుగా ఉన్న థర్మోకోల్ అణగదు, అణగకూడదు కూడా.

బుగ్గల దగ్గర బిగుతైతే మాత్రం దారి ఉంది. మంచి కంపెనీలు చీక్ ప్యాడ్‌లని రకరకాల మందాల్లో విడిగా అమ్ముతాయి. కొన్ని తల పైభాగంలోని లైనర్‌ని (లోపలి మెత్తటి పొర) కూడా మందం మార్చుకునేలా ఇస్తాయి. కొత్తలో సరిపోయిన ప్యాడ్‌లు కొన్నాళ్లకి అణిగి హెల్మెట్ వదులై హోరు పెరిగితే, హెల్మెట్ మార్చేముందు కాస్త మందమైన ప్యాడ్‌లు వేసి చూడండి. ఈ ప్యాడ్‌లే దవడ కింద దాకా దిగి మెడ ఖాళీని మూస్తాయి కాబట్టి, శబ్దం విషయంలో వీటి కంటే పనికొచ్చే ముక్క హెల్మెట్‌లో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక రకం దగ్గరకి వద్దాం. రెండూ మీ తలకి సమానంగా నప్పాయనుకోండి, అప్పుడు నేను ఫుల్‌ఫేస్ వైపు ఎందుకు మొగ్గుతానంటే, దాని షెల్లు ఒకే ముక్క. మాడ్యులర్‌కి గడ్డం భాగం పైకి లేస్తుంది కాబట్టి చుట్టూ అతుకు ఉంటుంది, పక్కన కీలు ఉంటుంది, లాక్ ఉంటుంది. ఆ అతుకు మీదుగా గాలి చీలిన చోటల్లా శబ్దం పుడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు రబ్బరు సీలు బిగుతుగా ఉండి తేడా తెలియకపోవచ్చు, సీలు అరిగాక, లాక్ కాస్త వదులయ్యాక తెలుస్తుంది. బరువు కూడా తేడానే. ఫుల్‌ఫేస్‌లు సాధారణంగా 1300 నుంచి 1600 గ్రాముల మధ్య ఉంటే, మాడ్యులర్‌లు 1600 నుంచి 1800 దాకా పోతాయి. పావు కిలోనే కదా అనిపిస్తుంది గానీ సాయంత్రానికి మెడ ఆ లెక్క అప్పజెబుతుంది.

మాడ్యులర్ పక్షాన గట్టి వాదనే ఉంది, దాన్ని తీసిపారేయను. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఫుల్‌ఫేస్ రోజూ చిన్నపాటి కుస్తీ. దారి అడగాలన్నా, నీళ్లు తాగాలన్నా హెల్మెట్ మొత్తం ఊడదీయాలి. పైగా మాడ్యులర్ అంటే రొద ఎక్కువని ముద్ర వేసేయడం కూడా పొరపాటే. టూరింగ్ కోసం చేసిన కొన్ని మాడ్యులర్‌లు సగటు ఫుల్‌ఫేస్ కంటే ప్రశాంతంగా ఉంటాయి. జర్మన్ కంపెనీ షుబర్త్ తన సి5 మాడ్యులర్‌లో గంటకి 100 కిలోమీటర్ల దగ్గర శబ్దం 85 డెసిబెల్స్ అని చెప్పుకుంటుంది. ఆ అంకె కొలిచిన పరిస్థితి వేరు, మీ బైక్ మీద మీ తలతో వేరు. అయినా మాడ్యులర్‌ని జాగ్రత్తగా చేస్తే ఎంతవరకు తేవొచ్చో అది చెబుతుంది. దాని మెడ దగ్గర స్పాంజి ఎంత దట్టంగా, ఎంత కిందకి దిగి ఉంటుందో చూస్తే రహస్యం ఎక్కడుందో అర్థమవుతుంది.

మాడ్యులర్ కొనేవాళ్లు పట్టీకి కుట్టిన చిన్న తెల్ల ట్యాగు ఒకసారి చదవండి. ఈసీఈ (యూరప్ భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నవాటిలో వృత్తంలో ఇంగ్లీషు 'E' అక్షరం, దేశం నంబరు, దాని కింద అనుమతి నంబరు ఉంటాయి. ఆ నంబరు 06తో మొదలైతే కొత్త 22.06 ప్రమాణం, అంటే తల మెలిపడేలా తగిలే దెబ్బని కూడా పరీక్షించారన్నమాట. నంబరు పక్కన పీ, జే అని రెండక్షరాలూ ఉంటే గడ్డం మూసినా, తెరిచినా రెండు విధాలా ఆమోదం ఉన్నట్టు. ఎన్‌పీ అని ఉంటే గడ్డం భాగానికి రక్షణ ఆమోదం లేదు, అది ఎంత ప్రశాంతంగా ఉన్నా అక్కడే వదిలేయండి.

హెల్మెట్ని తిట్టేముందు బైక్‌ని కూడా ఒకసారి అనుమానించాలి. పొట్టి విండ్‌షీల్డ్ ఉన్న బైక్‌ల మీద గాలి ఆ అంచు దగ్గర చిందరవందరై సరిగ్గా హెల్మెట్‌కి కొడుతుంది. అలాంటి చోట ఏ హెల్మెట్ పెట్టినా దబదబమనే రొద తప్పదు. షీల్డే లేని నేకెడ్ బైక్ మీద గాలి బలంగా తగిలినా చిక్కుపడకుండా తగులుతుంది కాబట్టి ఒక్కోసారి రొద తక్కువే. కాస్త ముందుకు వంగి షీల్డ్ వెనక్కి వెళ్లినప్పుడో, ఫుట్‌పెగ్‌ల మీద కొంచెం లేచినప్పుడో హోరు ఠక్కున మారిపోతే, డబ్బు పెట్టాల్సింది షీల్డ్ మీద. దాని ఎత్తో, కోణమో మారిస్తే సరిపోతుంది, కొన్నిసార్లు పూర్తిగా తీసేసినా సరిపోతుంది.

ఇయర్‌ప్లగ్‌ల సంగతికొస్తే, ఖరీదైన సైలెంట్ హెల్మెట్‌కీ మామూలు హెల్మెట్‌కీ మధ్య తేడా కొద్ది డెసిబెల్స్. స్పాంజి ప్లగ్‌ల ప్యాకెట్ మీద 30కి పైనే రాసి ఉంటుంది. నిజ వాడకంలో అంత రాకపోయినా, హెల్మెట్‌ల మధ్య తేడా కంటే చాలా ఎక్కువే వస్తుంది. సరిగ్గా పెట్టుకోవడంలోనే ఉంది అంతా: వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలిపి, రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలు పెట్టి ఉంచాలి. హారన్లు వినపడవేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. గాలి హోరు తగ్గాక హారన్, పక్క బండి చప్పుడు ఇంకా తేటగా తెలుస్తాయని వాడేవాళ్లు చెబుతారు, నా అనుభవమూ అదే. కొన్ని చోట్ల ప్లగ్‌ల మీద నిబంధనలు ఉంటాయి, అవి చూసుకోండి. అంతేగానీ, "ప్లగ్‌లు ఉన్నాయిగా, హెల్మెట్ ఎలా ఉంటేనేం" అనుకోవద్దు. వదులు హెల్మెట్ వల్ల తల ఊగడం, మెడ లాగడం ప్లగ్‌లతో పోవు.

మిగతా రకాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఓపెన్‌ఫేస్ శబ్దం విషయంలో పోటీలోనే లేదు, గడ్డానికి రక్షణా లేదు. పైన టోపీ అంచులాంటి పీక్ ఉన్న అడ్వెంచర్ హెల్మెట్‌లు మట్టి దారిలో బాగుంటాయి, వేగంలో ఆ పీక్ గాలిని పట్టి తలని వెనక్కి లాగుతుంది, రొద కూడా దండిగా చేస్తుంది. కార్బన్ ఫైబర్‌ది బరువు తక్కువే, దానివల్ల నిశ్శబ్దం మాత్రం రాదు. ఏ రకమైనా దాని మీద కెమెరా మౌంట్ అంటించారంటే ఈల మీరు కొనుక్కున్నట్టే.

రెండు ఫుల్‌ఫేస్‌లు సమానంగా నప్పి తేల్చుకోలేకపోతుంటే నేను మూడు చూస్తాను: చీక్ ప్యాడ్‌లు విడిగా దొరుకుతాయా, గడ్డం కింద ఖాళీని మూసే గుడ్డ, అంటే చిన్ కర్టెన్ ఉందా, వైజర్‌కి పిన్‌లాక్ (మసక పట్టకుండా లోపల అమర్చే పొర) పడుతుందా. మూడోది శబ్దానికి సంబంధం లేనిదిలా కనిపిస్తుంది. కానీ అడుగు అంత గట్టిగా మూసిన హెల్మెట్‌లో ఊపిరి బయటికి పోక వైజర్ మసకబారుతుంది. పిన్‌లాక్ లేకపోతే చలిలోనో వానలోనో వైజర్ ఒక గీత తెరుచుకుని బండి నడపాల్సి వస్తుంది, అప్పుడు ఇన్నాళ్లూ ఆపిన హోరంతా ఆ సందులోంచే లోపలికొస్తుంది. ఎండాకాలం మాత్రం చిన్ కర్టెన్ తీసి పక్కన పెట్టేస్తాను, ఉక్కపోత కంటే కాస్త హోరే నయం.