బళ్లారి చౌరస్తా మెకానిక్: అంబాసిడర్ బ్రేకు పని

మాది పాత పెట్రోల్ అంబాసిడర్. డీజిల్ ఇంజిన్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, బూస్టర్ (వాక్యూమ్ బలంతో బ్రేకు తొక్కడం తేలిక చేసేది) తర్వాత వేయించినవి. ఎండలో కాస్త దూరం పోతే పెడల్ రాయిలా బిగుసుకునేది. వేరేచోట మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) మార్చమన్నారు.

కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరి ఈ షెడ్డాయన స్పానర్ ముట్టలేదు. ఇంజిన్ ఆపించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కించి, "కాలు తీయొద్దన్నా, ఇప్పుడు స్టార్ట్ చెయ్యి" అన్నాడు. బూస్టర్‌కు వాక్యూమ్ అందితే పెడల్ కొంచెం కిందికి దిగాలి. "చూడు, దిగల్యా!" అన్నాడు.

డీజిల్‌కు పెట్రోల్ బండిలా మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టంలో) వాక్యూమ్ రాదు, ఆల్టర్నేటర్ వెనకుండే వాక్యూమ్ పంపు ఒక్కటే దిక్కు. అది బాగానే ఉంది. అక్కణ్నించి బూస్టర్‌కు ఎవరో మామూలు డీజిల్ పైపు వేశారు! వేడికి మెత్తబడి లోపలికి అణిగిపోతోంది, బూస్టర్‌కు వాక్యూమ్ అందట్లేదు. గట్టి వాక్యూమ్ పైపు, కొత్త చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) వేశాడు. మాస్టర్ సిలిండర్ జోలికే పోలేదు, అదీ నాకు నచ్చింది. ఇప్పుడు పెడల్ మెత్తగా ఉంది.

కూర్చోడానికి చోటు లేదు, ఫోన్ ఎత్తడు. పొద్దున్నే పోండి, శుక్రవారం మధ్యాహ్నం మూసేస్తాడు.