స్క్రాప్‌లో బంగారం లెక్క: క్యారెట్ మీటరా, మైక్రాన్ల లెక్కా, ఫైర్ అస్సేనా?

"ర్యామ్ ఫింగర్లు నగల షాపులో చూపిస్తే మిషన్ ముప్పై చిల్లర శాతం బంగారం అంది, నిజమేనా?" పాత కంప్యూటర్ల స్క్రాప్ కొనేవాళ్ల నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఫింగర్లంటే ర్యామ్ అంచున బంగారు పూత ఉండే కాంటాక్టులు.

మిషన్‌ది తప్పు కాదు, దాన్ని వాడిన చోటు తప్పు. అది క్యారెట్ మీటర్, అంటే ఎక్స్ కిరణాలతో లోహాల శాతాలు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం. వస్తువంతా ఒకే మిశ్రమం అనుకుని లెక్క కడుతుంది. ఫింగర్ మీద బంగారం సాధారణంగా ఒక మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) కూడా ఉండదు. ఎక్స్ కిరణాలు దాన్ని దాటి కింది నికెల్‌నీ రాగినీ కూడా చూసి, అన్నీ కలిపి శాతాలు చూపిస్తాయి. ఆ శాతంతో ఫింగర్ల బరువును గుణిస్తే లెక్క పదుల రెట్లు పెరుగుతుంది. పూత పలచనైతే వందల రెట్లు. ఇత్తడి పిన్నులతో ఇంకో తంటా: మిషన్ ఒక్కో లోహాన్ని అది వెలువరించే ఎక్స్ కిరణాల శక్తిని బట్టి (గీత అంటారు) గుర్తుపడుతుంది. ఇత్తడిలోని జింక్ గీత (9.57 కేఈవీ) బంగారం గీతకు (9.71) ఆనుకునే ఉంటుంది, చౌక మిషన్లు రెండింటినీ కలిపేస్తాయి.

అదే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌ను పూత మందం కొలిచే మోడ్‌లో, బంగారం-నికెల్-రాగి ప్రామాణిక నమూనాతో సరిచూసి వాడితే మైక్రాన్లు చెబుతుంది. మనకు కావలసింది అదే.

ఒకే రకం సరుకుకు నా ఓటు మైక్రాన్ల లెక్కకే. సూత్రం చిన్నది: చదరపు సెంటీమీటర్లు × మైక్రాన్లు × 1.93 = మిల్లీగ్రాములు. 240 కాంటాక్టుల డీడీఆర్3 ర్యామ్ తీసుకోండి. ఒక్కో ఫింగర్ 0.75 × 2.5 మి.మీ. అనుకుంటే మొత్తం 4.5 చ.సెం.మీ. పూత 30 మైక్రో ఇంచులు, అంటే 0.76 మైక్రాన్లు ఉంటే 6.6 మి.గ్రా. వస్తుంది. అదే 0.1 మైక్రాన్ ఫ్లాష్ (అతి పలచని) పూత అయితే 0.87 మి.గ్రా. వెయ్యి ర్యాములకు 6.6 గ్రాములా, 0.87 గ్రామా అన్నది మందం ఒక్కటే తేలుస్తుంది. కంటికి రెండూ ఒకే పసుపు. మదర్‌బోర్డు మీద మెరిసే ఈఎన్ఐజీ (నికెల్ మీద పలచని బంగారు పూత) ప్యాడ్లు కూడా అంతే, సాధారణంగా 0.05 నుంచి 0.1 మైక్రాన్.

కనెక్టర్లకు మందం కోసం మిషనే అక్కర్లేదు. పార్ట్ నంబర్‌తో తయారీదారు డ్రాయింగ్ తీస్తే చాలావాటికి 15 లేదా 30 మైక్రో ఇంచులని రాసి ఉంటుంది. దాని పక్క మాట కూడా చదవాలి: చాలాసార్లు ఆ పూత తాకే భాగానికే, సోల్డర్ తోకకు తగరమో ఫ్లాషో ఉంటుంది. 0.64 మి.మీ. చదరపు పిన్నుకు 5 మి.మీ. పొడవునే 30 మైక్రో ఇంచుల పూత ఉంటే 0.19 మి.గ్రా. పిన్ను మొత్తం 11.5 మి.మీ. కలిపేస్తే లెక్క రెట్టింపు దాటుతుంది. నష్టానికి కొనేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఈ లెక్క ఐసీల (చిప్పుల) దగ్గర చేతులెత్తేస్తుంది. చిప్పును కాళ్లకు కలిపే లోపలి బాండింగ్ తీగ 25 మైక్రాన్ల వ్యాసం, 3 మి.మీ. పొడవు ఉంటే ఒక్కో తీగలో దాదాపు 0.028 మి.గ్రా. బంగారం. కానీ కొత్త చిప్పుల్లో చాలావాటిలో తీగ రాగిది. పగలగొట్టకుండా తెలియదు.

ఐసీలకూ కలగాపులగం లాట్లకూ ఫైర్ అస్సే తప్పదు. సీసపు ఆక్సైడు, బోరాక్స్‌తో కరిగించి, బోన్ యాష్ (ఎముకల బూడిద) గిన్నెలో సీసాన్ని వదిలించి, మిగిలిన పూసలో వెండిని నైట్రిక్ ఆమ్లంతో తీసేసి తూస్తారు. బంగారు మిశ్రమాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1418 చెప్పే పద్ధతీ ఇదే కోవలోది. బోర్డు సరుకులో రాగి ఎక్కువ. దాన్ని ముందే తీయకపోయినా, సీసం చాలినంత వేయకపోయినా పూసలో రాగి మిగిలి లెక్క చెడుతుంది. అంతకన్నా పెద్ద సమస్య నమూనా. లాట్ మొత్తాన్ని ముక్కలు చేసి, కాల్చి, పొడి చేసి, కుప్పపోసి నాలుగు భాగాలుగా విడగొడుతూ 30 గ్రాములకు దించాలి. చేతికందిన నాలుగు ముక్కలు పంపితే వచ్చే రిపోర్టు ఆ నాలుగు ముక్కలదే. కాబట్టి చిన్న లాట్‌కు ఈ ఖర్చు గిట్టదు.

కిలోకింత అని తిరిగే పట్టికలు బేరం మొదలుపెట్టడానికి పనికొస్తాయి, అంతే. గీటురాయి పూతకు పనికిరాదు. అయస్కాంతానికి అంటుకుందని పారేయకండి: పాత సిరామిక్ ఐసీల కోవార్ (ఇనుము-నికెల్-కోబాల్ట్ మిశ్రమం) కాళ్లు బంగారు పూత ఉన్నా అంటుకుంటాయి.

గ్రాములు తేలాక ఆ రోజు 24 క్యారెట్ ధరతో గుణించి, రికవరీ తరుగు, రిఫైనింగ్ చార్జీ తీసేయండి. ఇంట్లో యాసిడ్‌తో తీసి సరిచూద్దామనుకోవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ రిజిస్టరైన యూనిట్ల పని.