ఎక్కిన దారిన దిగనివ్వని నడక: మందస కొండల్లో గెడ్డ వెంట

మందస కొండల్లో జలపాతం దాకా నడిచొచ్చాం. ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను, అందరూ అదే అడుగుతున్నారు. మనిషికి 300 రూపాయలు. భోజనం కావాలంటే ఇంకో 150. మేం నలుగురం వెళ్ళాం: నేను, మావారు, మా అక్క కొడుకు, మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడం. మొత్తం 1,800 అయింది. అడ్వాన్సు అడగలేదు, దిగొచ్చాకే తీసుకున్నారు.

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొండ కిందున్న ఒక సవర గిరిజనుల గూడెంలో ముగ్గురు కుర్రాళ్ళు కలిసి ఈ నడక నడుపుతున్నారు. బోర్డు లేదు, సంస్థ పేరూ లేదు. గూడెం పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు. రెండేళ్ళ కిందట ఎవరో జలపాతం వీడియో పెడితే ప్రతి ఆదివారం బళ్ళేసుకుని జనం వచ్చిపడ్డారట. మడుగులో సీసాలు పగలగొట్టి పోయారట. ఆ నీళ్ళే కిందికి దిగి గూడెంలో వంటకీ తాగడానికీ వస్తాయి. అందుకే నేనూ పేరు రాయడం లేదు. మందసలో ఆటోవాళ్ళని అడిగితే ఫోన్ కలిపి ఇస్తారు, మాకూ అలాగే దొరికింది.

సెప్టెంబరు రెండో శనివారం స్కూలుకి సెలవు. శ్రీకాకుళం నుంచి చీకటితోనే బయల్దేరి పలాస దాటి, హరిపురం దగ్గర హైవే వదిలి మందస చేరాం. అక్కడి నుంచి కొండ దాకా రోడ్డు బాగానే ఉంది. మమ్మల్ని రమ్మన్నది ఎనిమిదింటికి, మేం ఎనిమిదికే ఉన్నాం. నడక మొదలైంది మాత్రం ఎనిమిది ముప్పావుకి. మాతో రావాల్సిన కుర్రాడు ఆవుల్ని తోలి రావాలట. ఆ ముప్పావుగంట విలువ నాకు మధ్యాహ్నం తెలిసింది.

మొదటి అరగంట జీడితోటల్లోంచి నడక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఈ ప్రాంతంలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు ఎలా కూలిపోయాయో జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. వేళ్ళతో సహా పడిపోయిన మొద్దులు దారి పక్కన ఇప్పటికీ ఉన్నాయి, వాటి మధ్యలోంచి కొత్త మొక్కలు నా భుజం దాటి ఎదిగాయి. దారి చూపే కుర్రాడు ఇక్కడ గట్టిగా మాట్లాడుతూ నడవమన్నాడు. జీడిపళ్ళకీ పనసపళ్ళకీ ఎలుగుబంట్లు వస్తాయి. పళ్ళ కాలం కాకపోయినా అలవాటు తప్పకూడదన్నాడు. ఎలుగు మామూలుగా మనుషుల్ని వెతుక్కుంటూ రాదు, చప్పుడు లేకుండా దాని మీదకి పోతే ప్రమాదం ఎక్కువ. ఉద్దానంలో, అంటే ఈ జీడి, కొబ్బరి తోటల ప్రాంతంలో, ఎలుగుల వల్ల చనిపోయినవాళ్ళున్నారు కాబట్టి అతను చెప్పినట్టే, మేం నలుగురం పెద్ద గొంతుతో ఇంటి కబుర్లన్నీ చెప్పుకుంటూ నడిచాం.

తోటలు అయిపోగానే గెడ్డ మొదలవుతుంది. మా వైపు వాగుని గెడ్డ అంటాం, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. జలపాతం దాకా దాదాపు రెండు గంటలు ఈ గెడ్డ వెంటే ఎక్కాలి, ఐదు చోట్ల దాటాలి. నాకు నలభై ఎనిమిదేళ్ళు, కుడి మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది. మొదటిసారి దాటేటప్పుడు కాళ్ళు వణికాయి. అప్పుడు ఆ కుర్రాడు చేసిన పని ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. వెనక్కి వచ్చి నా ఎదురుగా నీళ్ళలో వంగి నిలబడి, "మేడం, నల్లగా మెరిసే రాయి మీద కాలెయ్యకండి, పాకుడు పట్టుంటాది, జారిపోద్ది. బూడిద రంగులో గరుగ్గా ఉందే, దాని మీద ఎయ్యండి. మడమ కాదు, ముందు పాదం" అన్నాడు. రాయి తర్వాత రాయి చూపించాడు. తప్పనిసరిగా కాలు పెట్టాల్సిన నల్లరాయి ఒకటుంది. గుప్పెడు ఇసక తీసి దాని మీద చల్లి అరచేత్తో రుద్దాడు, ఆ తర్వాతే నన్ను రమ్మన్నాడు. మూడోసారి దాటేసరికి ఏ రాయి మీద నిలబడొచ్చో నాకే తెలిసిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం ఎవరైనా చేస్తారు. నా అంతట నేను నడిచేలా నేర్పినందుకు ఆ కుర్రాడికి పూర్తి మార్కులు వేస్తాను.

పదకొండుంబావుకి జలపాతం దగ్గరికి చేరాం. మూడంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. మరీ పెద్దదేం కాదు. కానీ మూడు వైపులా రాయి, పైన చెట్ల కొమ్మలు కలిసిపోయి, నీళ్ళు పడే చోట మాత్రమే వెలుగు దిగుతోంది. చల్లటి తుంపర ముఖానికి కొడుతుంటే మా లెక్కల మేడం కళ్ళు మూసుకుని అలా నిలబడిపోయింది. ఆవిడ భర్త పోయాక ఊరు దాటడం అదే మొదటిసారి. అందుకే ఆ చోటు గురించి నేను ఎక్కువ రాయలేను.

ఇరవై నిమిషాలైంది. మావారూ పిల్లాడూ మడుగులో మోకాళ్ళ లోతు దిగారు. కుర్రాడు మాత్రం మావైపు చూడడం లేదు, కొండపైకి చూస్తున్నాడు. ఉన్నట్టుండి "సాలు, బయటికి రండి, ఎల్లిపోదాం" అన్నాడు. మాకు నెత్తిన ఎండ కాస్తోంది. ఇంత దూరం ప్రయాణం చేసి, రెండున్నర గంటలు ఎక్కి, ఇరవై నిమిషాలేనా అని నాకు కోపమే వచ్చింది. మావారు "ఇక్కడ వాన లేదు కదా బాబూ" అన్నారు. అతను వాదించలేదు, ఒడ్డున ఒక పుల్ల చూపించాడు. మేం వచ్చినప్పుడు నీటి అంచున తను గుచ్చినది. ఇప్పుడది నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలో ఉంది.

అప్పుడు మహేంద్రగిరి వైపు చూశాం. ఒడిశాలో ఉన్న ఆ కొండ 1,501 మీటర్లు. దాని నెత్తిన మబ్బు నల్లగా కూర్చుంది. వాన పడేది అక్కడ, నీళ్ళు దిగేది ఇక్కడికి. నీళ్ళు దిగుతున్నట్టు కింద నిలబడ్డవాళ్ళకి చెప్పేది మబ్బు కాదు, గెడ్డే. అంచు పెరుగుతుంది, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, నీటి రంగు మారుతుంది. ఇవన్నీ నడుస్తూ చెప్పాడు, ఆగి చెప్పలేదు.

ఇక్కడే ఈ నడక గొప్పతనం నాకు అర్థమైంది. వాళ్ళు "రౌండు కొట్టిస్తాం" అని ముందే చెప్పారు. కొత్త చోట్లు చూపించడానికి అనుకున్నాం. కానీ వానల నెలల్లో గెడ్డ వెంట ఎక్కినవాళ్ళని వాళ్ళు ఎప్పుడూ గెడ్డ వెంట దించరు. జలపాతం పక్క నుంచి నిట్టనిలువుగా ఒక దారి కొండ గట్టు మీదకి పోతుంది. చీపుర్లూ పసుపూ మోసుకుని గూడెం ఆడవాళ్ళు దిగే దారి అది. గెడ్డని ఒక్కచోట కూడా దాటక్కర్లేదు. ఎక్కడం మాత్రం కష్టం. అరగంట పాటు నా మోకాలు నన్ను తిట్టని తిట్టు లేదు, నాలుగుసార్లు కూర్చున్నాను. కుర్రాడు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

సగం ఎక్కేసరికి కింద నుంచి చప్పుడు. వంతెన మీద గూడ్సు బండి పోతున్నట్టు. గట్టు మీద చెట్లు లేని ఒక బండ దగ్గర ఆగి చూశాం. పొద్దున అద్దంలా ఉన్న గెడ్డ ఎర్రగా, బురదగా పోతోంది. నేను ఒక్కో రాయీ ఎంచుకుని దాటిన చోట ఇప్పుడు ఒక్క రాయీ కనిపించడం లేదు. మా అక్క కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు.

గట్టు మీద మా కుర్రాడు ఎదుటి కొండ మీదున్న మనిషితో కేకేసి మాట్లాడాడు, సవరలో. ఆ పదాల్లో నీళ్ళని చెప్పే మాట ఏదని అడిగితే "డా" అన్నాడు, చివర గొంతులో టక్కున ఆపేస్తూ. నేను తెలుగు టీచర్ని. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి, ఆయన సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారని పిల్లలకి ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. మన జిల్లాలోనే పుట్టినాయన. ఒక్క సవర మాట నా చెవిన పడడం ఆ రోజే మొదలు. అక్కడి నుంచి గూడెం దాకా ఒక్కో చెట్టు పేరూ అడుగుతూ నడిచాను, ఏడు పేర్లు నోటు పుస్తకంలో రాసుకున్నాను.

భోజనం గురించి: వేడన్నం, పప్పు, వెదురు కొమ్ముల (లేత మొలకల) కూర, చోడి (రాగి) అంబలి. కుర్రాడి తల్లి మా ఎదురుగా కూర్చుని అడ్డాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టి, విస్తర్లు చేసి వడ్డించింది. వెదురు కొమ్ములు కొంచెం చేదు తగిలాయి, పిల్లాడు తినలేదు. నేను రెండుసార్లు వేయించుకున్నాను. 150కి ఇది చవక.

లోపాలు కూడా చెప్పాలి, మొహమాటానికి పోతే రేపు వెళ్ళేవాళ్ళు ఇబ్బంది పడతారు. మూడు గంటల నడక అని ఫోన్లో చెప్పారు, భోజనం కాక ఐదు గంటలు పట్టింది. ఆడవాళ్ళకి బట్టలు మార్చుకోవడానికి గానీ బాత్రూముకి గానీ ఏర్పాటు లేదు, ఒకళ్ళింట్లో అడగాల్సొచ్చింది. తాడు లేదు. దెబ్బ తగిలితే కట్టు కట్టే సామాను లేదు, మావారి మోచెయ్యి గీరుకుంటే పసుపు అద్దారు. అన్నిటికన్నా ముఖ్యం, మొదలుపెట్టే వేళ. కొండ మీద వానలు ఎక్కువగా మధ్యాహ్నమే కదా, మబ్బు పట్టకముందే జలపాతం దగ్గరికి చేరి, తిరుగు దారి పట్టాలి. ఎనిమిది ముప్పావు చాలా ఆలస్యం. పొద్దున పోయిన ఆ ముప్పావుగంటే జలపాతం దగ్గర మాకు తగ్గింది.

చెప్పులు, కొత్త బూట్లు రెండూ వద్దు. అడుగు అరగని పాత స్పోర్ట్స్ షూ, లేదా వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మంచివి. బట్టలు ఒక జత అదనంగా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. గుండె జబ్బున్నవాళ్ళు, పదేళ్ళ లోపు పిల్లలు వానల్లో వద్దు. తిరుగుదారిలో మందసలో ఆగి కోవా కొనుక్కోండి, ఎంత అలసిపోయినా.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను, ఓపికగా విన్నాడు. తాడు కొన్నామన్నాడు. డిసెంబరులో నీళ్ళు సన్నబడతాయి, కానీ మడుగులో ఎంతసేపైనా కూర్చోవచ్చట. ఆ నెల నడకకి లెక్కల మేడం నాకంటే ముందే పేరు ఇచ్చేసింది. "ఈసారి ఆరున్నరకే వచ్చీండి మేడం, ఆవుల్ని మా తమ్ముడు తోల్తాడు" అన్నాడు.