మోడల్ మరబోటుకి సామాను కోసం విశాఖ, ఏటికొప్పాక, బందరు

మోడల్ బోటు కట్టేవాళ్లకి చెక్కపని ఒక ఎత్తు, దాని మీదకి కావలసిన చిన్న సామాను మరో ఎత్తు. లంగరు, గొలుసు, వించి (వలలు లాగే యంత్రం), దీపాలు, తాళ్లు కట్టే గుంజలు, ప్రొపెల్లర్ అన్నీ సెట్లుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కానీ అవి యూరప్ బోట్లని చూసి చేసినవి. వాటిని విశాఖ మరబోటు మీద పెడితే అది మన బోటులా ఉండదు. పైగా కొరియర్, కస్టమ్స్ సుంకం కలిస్తే సామానుకే బోటుకంటే ఎక్కువవుతుంది. మన కోస్తాలో చిన్న పని చేసే చేతులకి కరువు లేదు కదా అని, నా 1:20 స్కేలు (అసలు బోటులో ఇరవయ్యో వంతు) మరబోటుకి కావలసినవి ఇక్కడే చేయించడానికి బయల్దేరాను.

కావాలనే మే నెల పెట్టుకున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మరమ్మతులన్నీ అప్పుడే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డెక్కించిన బోట్లు ఉంటాయి కాబట్టి, మిగతా నెలల్లో నీళ్లలో దాగి ఉండే చుక్కాని, ప్రొపెల్లర్, వాటి మధ్య జాగా అన్నీ టేపు పెట్టి కొలుచుకోవచ్చు. ఎండ మాత్రం భరించాలి. పొద్దున్నే వెళ్లి పదింటికల్లా బయటపడటం మంచిది. బోటువాళ్లని అడిగి ఎక్కండి, అడిగి ఫొటో తీయండి. నేవీ వైపు కెమెరా తిప్పొద్దు. నేను వించి కొలతలు రాసుకుంటుంటే పక్క బోటుకి పలకలు మారుస్తున్న పెద్దాయన, "టైర్లు రాసుకోలేదేంటి బాబూ? టైర్లు లేకపోతే అది మా బోటెలా అవుద్ది?" అన్నాడు. నిజమే, బోటు పక్కలకి వేలాడే పాత కారు టైర్లు ఏ సెట్టులోనూ రావు. 60 సెంటీమీటర్ల టైరు 1:20లో 3 సెంటీమీటర్లు. పిల్లల బొమ్మ కార్ల టైర్లు సరిగ్గా సరిపోయాయి.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి కూడా చూశాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91.3 మీటర్లు, అంటే 1:100లో చేస్తే 91 సెంటీమీటర్ల మోడల్. జలాంతర్గామి చేసేవాళ్లకి అది నిధి. నా పనికి అంతగా ఉపయోగపడలేదు. లోపల వెనకవాళ్లు తోసుకొస్తుంటే నిలబడి కొలవడం కష్టం.

విశాఖలో బస జగదాంబ సెంటర్ దగ్గర ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది కానీ ఏసీ రాత్రంతా ఆగుతూ సాగుతూ ఉంది, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. అయినా హార్బర్‌కి పొద్దున్నే ఆటోలో త్వరగా చేరొచ్చు కాబట్టి ఆ చుట్టుపక్కలే దిగమంటాను. ఈ పనికి బీచ్ వైపు హోటళ్ల అద్దె దండగ.

విశాఖకి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. బస్సులో ఎలమంచిలి దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటో పట్టుకున్నాను. ఊళ్లో ఉండటానికి సరైన లాడ్జి నాకు కనబడలేదు, అనకాపల్లిలో దిగి వెళ్లిరావడం నయం. ఇక్కడి లక్కబొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సహజ రంగులని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తర్వాత రంగు లక్కని ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి కర్రకి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మెత్తటి కర్ర, సన్నటి పోగు కాబట్టి చిన్న సామానుకి ఇంతకంటే మంచి కర్ర నేను చూడలేదు.

వించి డ్రమ్ములు, గుంజలు, వల బెండ్లు, బోట్ల మీద కనిపించే నీలం పీపాలు ఇక్కడే చేయించాను. 200 లీటర్ల పీపా 1:20లో 4.4 సెంటీమీటర్ల ఎత్తు, 2.9 వెడల్పు. నీలిమందు రంగు లక్కతో అది ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. స్కేలు లెక్కలు వాళ్లకి వదలొద్దు. వస్తువు ఎంత ఉండాలో అంతే సైజులో బొమ్మ గీసి ఇవ్వండి. ముందు ఒక్కటి చేయించి చూసుకుని తర్వాత డజను చెప్పండి. ఒక్కోదానికీ అర మిల్లీమీటరు తేడా ఉంటుంది, మరబోటుకి అది అందమే. వరసగా నిలబెట్టే రెయిలింగ్ కడ్డీలకి మాత్రం పనికిరాదు, వాటిని హైదరాబాద్‌లో రెజిన్ త్రీడీ ప్రింట్ చేయించుకోవడం మేలు. ఇంకో సంగతి: లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది, నీళ్లలో నానితే తెల్లబారుతుంది. నీళ్లలో నడిపే బోటైతే నీటిమట్టం కింద లక్క పూసినవి వద్దు.

విశాఖ నుంచి మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రి పడుకుంటే తెల్లారి బందర్లో దిగొచ్చు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. ఇక్కడి చిలకలపూడి గిల్టు నగలు తెలియనివాళ్లుండరు. మోడల్ బోటుకి లంగరు గొలుసు కావాలంటే నగల గొలుసు చేసే ఊరికంటే మంచి చోటు ఏముంటుంది? 12 మిల్లీమీటర్ల ఇనుప గొలుసులో ఒక్కో కడియం సుమారు 65 మిల్లీమీటర్ల పొడవు, 1:20లో 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ సైజు గొలుసు వాళ్లు రోజూ చేసేదే.

చిక్కంతా పూత దగ్గర. దుకాణాల్లో అమ్మేదంతా బంగారు పూత వేసినదే, బోటు మీద అది తళతళలాడిపోతుంది. పూత వేయకముందే తీసుకోవాలంటే సందుల్లో ఉన్న పనివాళ్ల దగ్గరికే వెళ్లాలి. కొందరు ఇంత చిన్న ఆర్డరు తీసుకోలేమన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే సబబే, అచ్చు మార్చి మూరెడు గొలుసు చేస్తే ఏం మిగులుతుంది? ఒప్పుకున్నాయన దగ్గర రాగి తీగతో చేయించాను. రాగిని గంధకం ద్రావణంలో ముంచితే నల్లబడుతుంది, పాత ఇనుములా కనిపిస్తుంది. ఇత్తడి అంత తేలిగ్గా నల్లబడదు. లంగరు మాత్రం ఇత్తడి రేకు కత్తిరించి, టంకం పెట్టి చేశారు. దానికి రంగు వేసుకుంటే సరిపోతుంది. బేరం ఎక్కువగా ఆడలేదు, ఒక పూట పని ఆపి నా కోసం కూర్చున్నందుకు అడిగిన కూలి ఇచ్చాను.

బస్టాండు దగ్గర లాడ్జి చౌక, మర్యాద బాగుంది. కౌంటర్లో కుర్రాడే పనివాళ్ల వీధికి దారి చెప్పి పంపాడు. సాయంత్రం గిలకలదిండి రేవుకి వెళ్లి అక్కడి బోట్ల పక్కన నా గొలుసు పెట్టి చూశాను, తేడా పట్టలేం.

ఒక్క చోటుకే వెళ్లే వీలుంటే బందరు వెళ్లండి. మూడు రెక్కల ప్రొపెల్లర్ కూడా అక్కడ ఇత్తడి రేకుతో చేస్తారు, అద్దాల పెట్టెలో పెట్టుకునే బోటుకి చక్కగా ఉంటుంది. నీళ్లలో నడపాలంటే మాత్రం మూడు రెక్కల బరువు సమానంగా ఉండాలి, లేకపోతే షాఫ్టు (ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ) వణికి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు పోతుంది. దానికి ఆర్సీ (రిమోట్‌తో నడిపే) బోట్ల దుకాణంలో రెడీమేడ్ కొనుక్కోవడమే మంచిది.